మంగు పట్టిన లోకం

పోయినేడు ఎండకాలం మా అత్తమ్మ తోట కొట్టిపిస్త అని మొండికేసింది. నేనేమో అదే తోటల, పంపు కొట్టం నీడకు కూసోని లోకాలు గీస్తున్న.

లోకాలంటే నిజంగ లోకాలే. హైదరాబాదుల ఒక కంపెనీ ఫోన్ల ఆడే ఆట తయారు చేస్తాంది. అండ్ల ఆడేటోడు ఓడెక్కి సుక్కల నడుమ తిరుగుతడు, ఏదన్న గ్రహం మంచిగ కనపడితె దిగుతడు. ఆ గ్రహాలు గీసేది నేను. కట్టంగూర్ పక్కన బత్తాయి తోటల, ఒక దిక్కు కోళ్లు మన్ను కెలుకుతుంటె, ఇంకో దిక్కు మా అత్తమ్మ కూలోళ్ల మీద ఒర్లుతుంటె, నేను ట్యాబు మీద పెన్నుతోటి గీసుకుంట ఉంట. బల్లపరుపుగ బొమ్మ గీసి పంపితె, వాళ్లు దాన్ని బంతి లెక్క గుండ్రంగ చుట్టి కంప్యూటర్ల తిప్పి చూస్తరు. నచ్చితె ఉంచుకుంటరు, లేకపోతె మళ్ల గియ్యమంటరు. నాకు మళ్ల గియ్యమనుడే ఎక్కువ వస్తుండె.

"ఏం గీస్తున్నవే?" అంటది మా అత్తమ్మ బిక్షమ్మ.

"లోకం, అత్తమ్మ."

"ఉన్న లోకం సాల్తలేదా? దీంతోనే వేగలేక సస్తున్నం."

గట్ల అంటది గాని, నా పక్కపొంటి పోయినప్పుడల్ల ట్యాబు మీద ఎండ పడకుండ తన కొంగు అడ్డం పెట్టి పోతది. మా ఇద్దరి లడాయిలు గసొంటియే. చూసెటోళ్లకు ఇయ్యాల్నో రేపో జుట్లు పట్టుకుంటరు అనిపిస్తది, మాకేమో ఒక పూట తిట్టుకోకపోతె బువ్వ సయించది.

అసొంటిది, ఒకనాడు బువ్వ తినుకుంట అన్నది: "చెట్లు ముసలైనయ్. ఈ కాపు దిగంగనే బీరన్నను పిలిచి కొట్టిపిస్త."

చెయ్యి కడుక్కొస్త అన్నంత అల్కగ అన్నది. నేను కలిపిన ముద్ద కంచంల్నే ఇడిసిన.

ఆ చెట్లు మా మామ జానయ్య పెట్టినయి. ఎవరెవరి తోటలల్లనో కూలికి పోయి, అంటు కట్టుడు కాడినుంచి కాయ తెంపుడు దాంక అన్నీ నేర్చుకొని, సర్కారు ఇచ్చిన రాళ్ల భూమిల రాళ్లు నెత్తిన మోసి పారేసి, చదును చేసి పెట్టిండట. నేను కోడలిగ వచ్చేసరికి మామ లేడు, చెట్లున్నయి. ముసలైనయ్ అంటది గాని, ఆ యేడు ఎట్ల కాసినయో చూడాలె! ఎండకాలంల దిగే కాపును మేము కత్తెర కాపు అంటం. కొమ్మలు ఇరుగుతయని కింద కట్టెలు పోటు పెట్టినం. బోర్ల నీళ్లకు కొదువ లేదు, మార్కెట్ల ధర మంచిగున్నది. గసొంటి తోటను కొట్టిపిస్తదట! దెయ్యం పట్టిందా ఈమెకు అనుకున్న.

మా ఆయన విజేందర్ షాద్‌నగర్ల ఒక కంపెనీల పనిచేస్తడు, ఐతారం వస్తడు, సోమారం పొద్దుగాల బస్సెక్కుతడు. ఆయనకు చెప్తె బుగ్గ గోక్కున్నడు.

"కొట్టిపియ్యనీ రూప. అమ్మ ఒక్కతి ఎన్ని దినాలని చేస్తది? ముగ్గురం షాద్‌నగర్ల కిరాయికి ఉందాం."

"ఆ ఒక్క అర్రల ముగ్గురమా? నా లోకాలు యాడ పెట్టాలె, నీ నెత్తి మీదనా?"

"నీ లోకాలు జర పక్కా చెయ్యి మరి. కంపెనోళ్లు నిన్ను పర్మినెంటుగ తీసుకున్నరంటె నేనే పని ఇడిసిపెట్టి వచ్చి తోట చూసుకుంట. నాకు మాత్రం ఆ గేటు కాడ కార్డు గీకుకుంట బతకాలని ఉన్నదా?"

ఆ మాట అత్తమ్మతోని కూడ అన్నడు. ఆమె ఇన్నది, ఇని, "ఎవలు వచ్చినా రాకున్నా కొట్టుడు కొట్టుడే" అని చెంబు తీసుకొని బయటకు పోయింది. ఎందుకు కొట్టుడో మాత్రం చెప్పలే. అడిగితె ముసలైనయ్ అంటది. మళ్ల అడిగితె, నీ లోకం నువ్వు గీసుకో పో అంటది.

బీరన్న ఒకపారి వచ్చి చూసిపోయిండు. కట్టె కొట్టిపిచ్చే మనిషి. ఒక్కొక్క మొద్దును చేతిగొడ్డలి ఎన్కతట్టుతోటి టక్ టక్ మనిపిచ్చి చూస్తడు. మా అత్తమ్మ ఆయన ఎంబడి వరుసల నడుమ నడిచింది, ప్రతి చెట్టుకు చెయ్యి ఆనిచ్చుకుంట. చెట్టు మీద అంత ప్రేమ ఉన్నదానివి ఎందుకు కొట్టిపిస్తున్నవే తల్లీ అని నాకు లోపల లోపల మండింది. బీరన్నకే మనసొప్పక, "అక్కా, గింత మంచిగ కాసే చెట్లను నేను కొడితె నాకు పాపం తాకుతది" అన్నడు. "నీ పాపం నాకు రాసియ్యి" అన్నది మా అత్తమ్మ.

ఇగ కాయ తెంపుడు మొదలైంది. కాయ తెంపి టార్పాలిన్ మీద రాశి పోసినంక, ఏరుడు ఉంటది. మా దిక్కు బత్తాయికి మంగు పడతది. కంటికి ఆనని పురుగు ఏదో కాయ లేతగున్నప్పుడు తోలు గీకితె, పెద్దగైనంక అక్కడ గోధుమ రంగు మచ్చ పరుసుకుంటది. లోపల కాయ మంచిగనే ఉంటది, నిజం చెప్పాల్నంటె ఇంకింత తియ్యగ ఉంటది. గని కొనేటోడు తోలు చూసి కొంటడు గద! అందుకని నున్నటి కాయ ఒక దిక్కు, మంగు కాయ ఒక దిక్కు. చిన్న మచ్చ ఉన్న కాయనైతె మంచి కుప్పల్నే పెట్టి, మచ్చ కిందికి, నున్నటి మొకం పైకి తిప్పుతం. మోసం కాదది, మర్యాద. పండ్లు అమ్మే ఎవలనన్న అడుగుండ్రి.

గట్ల తిప్పుడు నాకు మా అత్తగారింట్ల కొత్తగ నేర్పిన పని కాదు. నా ఎడమ చెంప మీద పుట్టుకతోటే ఒక మచ్చ ఉన్నది, అరచెయ్యంత, మంగు రంగుల. పెండ్లిచూపులనాడు మా అమ్మ నన్ను కుడిచెంప వాళ్ల దిక్కు ఉండేటట్టు తలుపు వారకు కూసోబెట్టింది. విజేందర్‌కు ముందే ఫోన్ల చెప్పిన, నాకు గిట్ల మచ్చ ఉన్నది మరి అని. "నాకు నెత్తి మీద ఎంటికలు పోతున్నయ్, నీకు ఓకేనా?" అన్నడు. నా భయమంత అత్తది. కాని కాపురానికి వచ్చినకాడి నుంచి మా అత్తమ్మ ఆ మచ్చ గురించి ఒక్కటంటె ఒక్క మాట అనలే. ఊరోళ్లు ఎవలన్న ఎత్తినా, మీ ఇంట్ల ముచ్చట చూసుకోండ్రి అన్నదట. నోరు ఎంత గయ్యాళిదైనా ఆమె మనసు మీద నాకు గౌరవం కుదిరింది ఆ ఒక్క కారణం చేతనే.

కాయ ఏరుట్ల మా అత్తమ్మకు నల్గొండ మార్కెట్ల పేరున్నది. బిక్షమ్మ రాశి అంటె బ్యాపారులు కింద మీద కలబెట్టి చూడరు. ఏరుతున్నప్పుడు కాయ దిక్కే చూడది. ఎదురుంగ కూసున్న కూలి సుక్కమ్మతోటి ముచ్చట పెట్టుకుంట, చెయ్యి పాటికి చెయ్యి కాయ తీసుకొని, బొటనేలుతోటి ఒక్కపారి తిప్పి, ఇటో అటో ఏస్తది. కూలి ఆడోళ్లు అబ్బురపడి చూస్తరు. నేను కూడ ఫోన్ల వీడియో తీసి మా ఆయనకు పంపిన, మీ అమ్మ కండ్లు మూసుకోనైనా ఏరుతది చూడు అని.

ఆఖరు గ్రహం నాకు అప్పుడే ఇచ్చిన్రు. ఇది కుదిరితె నీ పని పక్కా అని ప్రణీత మేడం చెప్పింది. బొమ్మల పనంత చూసేది ఆమెనే. అంతకుముందు గీసిన గ్రహాలకు ఆమె చెప్పని తప్పు లేదు. ఒకటేమో ప్లాస్టిక్ బంతి లెక్క ఉన్నదన్నది. ఒకదానికి రంగులు ఎక్కువైనయ్ అన్నది. ఇంకోదాంట్ల సముద్రం గోడకు రంగేసినట్టున్నది, లోతు లేదన్నది. తిట్టుకుంట తిట్టుకుంట దిద్దిన, దిద్దిన కొద్ది చెయ్యి తిరిగింది. గీ ఆఖరుది ఎర్రమన్ను గ్రహం. మా తోట మన్నే గుర్తు పెట్టుకొని, కొండలు, ఎండిన వాగులు, రాళ్లు పడి ఏర్పడిన గుంతలు, అన్నీ మనసు పెట్టి గీసి పంపిన. ఈసారి ఒక్క వంక పెట్టనియ్య అనుకున్న.

మరునాడు మేడం కాల్ చేసింది.

"రూపా, ఇది తిరుగుతుంటే చూశారా మీరు?"

"లేదు మేడం. నాకాడ తిప్పేది లేదు గద."

"నేను తిప్పి పంపిస్తున్నాను, చూడండి."

వీడియో వచ్చింది. గ్రహం తిరుగుతాంది. ముందుగాల వచ్చిన మొకం చూసి నాకే ముద్దొచ్చింది, నున్నగ, సాఫుగ, పొద్దు పడి మెరుస్తాంది. సగం తిరిగింది. అగో! గుంతలు, పగుళ్లు, దుమ్ము సుడులు, కాలిన మచ్చలు, నేను గీసిన ఖరాబంత ఒక్క దిక్కే కుప్పపడి ఉన్నది. ఒక దిక్కు పెండ్లిపిల్ల, ఒక దిక్కు గాయాల పుట్ట.

"ఇలా ఎందుకు చేశారు?" అన్నది మేడం. కోపం లేదు, నిజంగనే అర్థంకాక అడుగుతాంది.

నాకు అప్పటిదాంక తెల్వదు నేను గట్ల చేసిన్నని. చెయ్యి చేసుకుంట పోయింది. మచ్చ వచ్చిన కాడల్ల ఎన్కకు జరిపిన, మంచి మొకం ముంగటికి తిప్పిన. నవ్వాగక, బత్తాయిల కథంత చెప్పిన. మేడం కూడ పడి పడి నవ్వింది. నవ్వి, "రూపా, ఆడేవాళ్లు పండ్లు కొనడానికి రావట్లేదు కదా. ఎక్కడ పడితే అక్కడ దిగుతారు, దిగిన చోటల్లా నమ్మబుద్ధి అవ్వాలి. ఈ మచ్చలన్నీ విప్పి గ్రహమంతా పరవండి. పంపేముందు గేమ్ అంటే తెలియని వాళ్లకి చూపించి, ఏం కనపడుతోందో అడగండి" అన్నది.

మంగు కుప్పలకెల్లి నాలుగు కాయలు ఏరుకొచ్చి ట్యాబు పక్కన పెట్టుకున్న. ఇన్నేండ్లు పక్కకు ఇసిరేసుడే గాని వాటిని నిమ్మలంగ చూసిందెన్నడు? మంగు ఒకతీరుగ ఉండదు. ఒక కాయ మీద పొగ లెక్క పరుసుకున్నది, ఇంకోదాని మీద తొడిమె చుట్టు వలయం కట్టింది, ఇంకోదాని మీద సన్నటి నెర్రెలు ఇచ్చింది. నున్నటి కాయలన్నీ ఒక్కటే మొకం, మంగు కాయ దేని మొకం దానిదే. చూసుకుంట గీసిన, గీసుకుంట తిన్న. ఎట్లాగు మా ఇంట్ల తినేది మంగు కాయలే. రెండు మూడు దినాలు ఇంట్ల ఏమొండిన్నో, ఎవలకేం పెట్టిన్నో నాకు సోయి లేదు. అయిపోయేసరికి గ్రహం మీద ఒక్క జాగా ఇడువలే, అంతట మచ్చలే. చూస్తె ఎవలో ఏండ్ల సంది బతికిన జాగ లెక్క అనిపిచ్చింది. నాకు మస్తు సంబురమైంది.

ఇగ ఎవలకన్న చూపియ్యాలె. గేమ్ తెల్వనోళ్లు, మంగు ఎక్కడ దాచినా పట్టేటోళ్లు. ఇంకెవలున్నరు?

మాపటికి కూలోళ్లు పోయినంక మా అత్తమ్మ రాశి పక్కన కాళ్లు బారజాపుకొని కూసున్నది. ట్యాబు పట్టుకపోయి ఒళ్లె పెట్టిన.

"అత్తమ్మ, గీ కాయ చూసి చెప్పు. మంగు ఏమన్న ఉన్నదా?"

తిడతదని, గీ మంగు దాన్ని ఎవడు కొంటడే అంటదని, నేను ముందుగాల్నే నవ్వుకు తయారైన.

మా అత్తమ్మ ట్యాబును రెండు చేతుల్ల పట్టుకున్నది. జర దగ్గరికి తెచ్చుకున్నది, మళ్ల దూరం పెట్టింది. తర్వాత బొటనేలు అద్దం మీద పెట్టి, మెల్లగ, గ్రహం ఈ అంచు కాడికెల్లి ఆ అంచు దాంక రాసింది.

"నున్నగున్నది" అన్నది. "మొదటి రకం."

నా నవ్వు నోట్లెనే ఉండిపోయింది.

ముచ్చట పెట్టుకుంట కాయ దిక్కు చూడకుండ ఏరుడు. ప్రతి చెట్టుకు చెయ్యి ఆనిచ్చుకుంట నడుసుడు. ఊళ్లె కండ్ల క్యాంపు పెట్టిననాడు, తన అక్కకు బాగలేదని చెప్పి పొద్దుగాల్నే నకిరేకల్ బస్సెక్కుడు. ఒక్కొక్కటి గుర్తుకొచ్చింది. గోధుమ మంగు చేతికి గరుకుగ తాకుతది. అద్దం మీద ఏ మచ్చా చేతికి తాకది.

ఆమె పక్కన కూసున్న. కోళ్లను కొట్టంలకు కొట్టే యాల్ల అయింది, అవి మా చుట్టూతనే తిరుగుతున్నయ్.

"ఎన్ని దినాల సంది అత్తమ్మ?"

"ఏంది ఎన్ని దినాలు?"

"కండ్లు."

ఒర్లుతదనుకున్న. ఒర్లలే. ట్యాబు నా ఒళ్లె పెట్టి, కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది, తుడిస్తె పొర పోతదన్నట్టు.

"మీ పెండ్లినాటికే మసకున్నయి. ఇప్పుడు ఒకటైతె పాల లెక్క తెల్లగయింది. ఇంకోదాంట్ల పొగ. మనిషిని గొంతుతోటి పడుతున్న, కాయను ఏలితోటి పడుతున్న" అన్నది. "వాడికి చెప్పకే రూప. చెప్తె ఉన్న నౌకరి ఇడిసి ఉరికొస్తడు."

"చెట్లు గందుకేనా?"

"మరేం చెయ్యమంటవ్? బిక్షమ్మ రాశి అంటె ఇప్పి చూడరు మార్కెట్ల. రేపు గుడ్డిదాని రాశి అని ఒక్కొక్క కాయ తిప్పి చూస్తరు. ఆకుకు ఏం రోగమొచ్చిందో నాకు కనపడ్తలేదు. కొమ్మ ఎండినా కనపడ్తలేదు. నా మొగడు నెత్తిన రాళ్లు మోసి పెట్టిన చెట్లు నా ముంగటనే పాడైపోతుంటె నేను తడుముకుంట కూసోవాల్నా? మంచిగున్నప్పుడే, నా చేతులనుంచే పోనీ అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. నా తీరే గంత.

"కంట్ల మోతిబిందు పొరకు ఎవలన్న తోట కొట్టిపిస్తరానే! ఊళ్లె సగం మంది ముసలోళ్లు ఆపరేషన్ చేపిచ్చుకొని సీరియళ్లు చూస్తున్నరు. నీ ఒక్కదానికేం పుట్టింది?"

"నా కన్ను కోస్తరే! పచ్చి కన్ను. కోసినంక ఆ ఉన్న పొగ గూడ లేకుండ పోతె?"

అప్పుడు చూసిన ఆమె మొకంల భయం. పామును చెప్పుతోటి కొట్టి సంపిన మనిషి. చెయ్యి పట్టుకున్న, పెండ్లైనకాడి నుంచి మొదటిసారి అనుకుంట.

"సరే అత్తమ్మ, చెట్లు కొట్టిపియ్యి. నేను అడ్డం రాను. బీరన్నకు నేనే ఫోన్ చేస్త. కాని కొట్టేముందు ఒక్కపారి ఆ చెట్లను కండ్లార చూడు. ఈ యేడు ఎట్ల కాసినయో నువ్వు చూడనే చూడలే. చూసినంక గూడ కొట్టాల్ననిపిస్తె కొట్టు."

మా అత్తమ్మ కోళ్లను తోలుకుంట లేచి, కొట్టం తలుపు పెట్టి వచ్చి, "అంత మంచిగ కాసినయా?" అన్నది.

"కట్టెలు పోటు పెట్టినం."

"పోటు పెట్టింది తెలుసు. కాలికి తాకుతున్నయ్" అన్నది.

ఐతారం మా ఆయనకు నేనే చెప్పిన. గోడ దిక్కు తిరిగి ముక్కు చీదుకున్నడు, సెలవు పెట్టిండు, తల్లిని ఆటోల ఎక్కిచ్చుకొని నల్గొండ దవాఖానకు తీసుకపోయిండు. నేను పోలే. కాయ సగం చెట్ల మీద, సగం రాశిల ఉన్నది, ఇడిసిపెట్టి పోతె ఎట్ల? పోయేముందు అత్తమ్మ రాశి దిక్కు మొకం పెట్టి, "మంచిగ ఏరు. నా పేరు తియ్యకు" అన్నది.

ఏరిన. నాలుగు మాటలు పెట్టుకోకుండ, నోరు మూసుకొని, ఒక్కొక్క కాయ కండ్లు పెట్టి ఏరిన. నడుమల ప్రణీత మేడంకు గ్రహం పంపిన. దవాఖానకెల్లి మా ఆయన ఫోను, ఆపరేషన్ మంచిగయింది, పట్టీ కట్టిన్రు అని. దేవుడా అనుకొని టార్పాలిన్ మీద కూలబడ్డ. సుక్కమ్మ నీళ్లు తెచ్చిచ్చి, "నీకైందా ఏంది ఆపరేషన్?" అని నవ్వింది.

పట్టీ ఇప్పిన దినం వాళ్లు ఇంటికి పోలే, ఆటో సీదా తోటకే వచ్చింది. మా అత్తమ్మ నల్ల అద్దాలు పెట్టుకొని దిగింది. "తియ్యకమ్మా, దుమ్ము పడతది, డాక్టరు తిడతడు" అని మా ఆయన ఎనకనుంచి మొత్తుకుంటున్నడు. ఆమె ఇన్నదెప్పుడు? తీసి కొంగుల కట్టుకున్నది.

తీసి, నిలబడ్డది.

సగం కాయ ఇంక చెట్ల మీదనే ఉన్నది. పచ్చ తిరిగి పసుపు పట్టినయి, కొమ్మకొమ్మకు గుత్తులు. మా అత్తమ్మ మొదటి వరుసల మొదటి చెట్టు కాడికి పోయి, ఈసారి చెయ్యి ఆనిచ్చలే. చేతులు ఎన్కకు కట్టుకొని, తల ఎత్తి, చూసింది. రెండో చెట్టు. మూడో చెట్టు. మా ఆయన, నేను ఎనకనే నడుస్తున్నం. వరుస ఆఖరుకు పోయినంక మళ్లింది.

"ఓ విజేందర్, ఆ మూలకు నీళ్లు పోతలేవు. ఆకు ముడుసుకున్నది కనపడ్తలేదా నీకు? నాకు చూపు లేకుంటె మీకు గూడ లేదా?" అని దండకం మొదలుపెట్టింది. మా ఆయన నన్ను చూసి కన్ను కొట్టిండు. కండ్లల్ల నీళ్లు, మొకం నిండ నవ్వు.

బీరన్న మాట ఎవలం ఎత్తలే. తర్వాత ఆయనే ఫోన్ చేస్తె, "సంచి పట్టుకొని రా, కాయలిస్త, గొడ్డలి ఇంట్ల పెట్టి రా" అన్నది.

రాశి కాడికొచ్చి, నేను ఏరిన మంచి కుప్పలకెల్లి మూడు నాలుగు కాయలు తీసి మంగు దాంట్లకు ఇసిరింది. నాకు కోపం రాలే, సంతోషమైంది. పక్కన ట్యాబు కనపడ్డది. "గిది గదా నువ్వు ఆనాడు చూపిచ్చింది" అని చేతిలకు తీసుకున్నది. చూసింది, తిప్పి చూసింది, నన్ను చూడకుంటనే మొదలుపెట్టింది.

"ఓసి నీ కడుపు కాల! గీ దిక్కు మంగు, గా దిక్కు మంగు, నడుమ మంగు! దీన్ని నాకు చూపిచ్చి మొదటి రకం అనిపిస్తివా? ఎవడు కొంటడే దీన్ని?"

"కొన్నరు అత్తమ్మ. నిన్ననే మేడం చెప్పింది. నా పని పక్కా అయింది."

"మంగు కాయను కొన్నరా! పిచ్చోళ్లున్నరు ఎక్కడనో" అని ట్యాబు నాకిచ్చుకుంట తల ఎత్తింది.

ఎత్తి, నా మొకం దిక్కు చూసుడు ఆపలే.

నేను పట్టీ ఇప్పే దినం కోసం ఎదురుచూసిన్నే గాని, అది నా మీదికి గూడ వస్తదని సోయి లేదు. తెల్వకుండనే కుడిచెంప ఆమె దిక్కు తిప్పి నిలబడ్డ, పెండ్లిచూపులనాడు తిప్పినట్టు.

"గిటు తిరుగు" అన్నది.

తిరిగిన.

దగ్గరికి వచ్చింది. చెయ్యి ఎత్తి, బొటనేలుతోటి నా చెంప మీద, మచ్చ ఈ అంచు కాడికెల్లి ఆ అంచు దాంక మెల్లగ రాసింది.

"ఊరోళ్లు మచ్చ మచ్చ అంటె శెనగ్గింజంత అనుకున్ననే" అన్నది. "ఇంత పెద్దదున్నదా?"

నా మనసుల ఏదో కూలినట్టయింది. మచ్చను చూసి గూడ ఏమనలేదని ఇన్నాళ్లు గౌరవం పెట్టుకున్న. ఆమెకు అసలు కనపడనే లేదు. అయినా నా నోరు ఊకుంటదా!

"చూసినవు గద అత్తమ్మ. ఏ కుప్పల ఏస్తవో ఎయ్యి" అన్న.

మా అత్తమ్మ నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. గట్టిగనే.

"ఇంట్ల ఉంచుకునే కాయను ఎవలన్న ఏరుతరానే?" అన్నది.

అని, మంగు కుప్పలకెల్లి ఒక కాయ తీసుకొని, అక్కడనే టార్పాలిన్ మీద కూసోని ఒలిచి, సగం నా చేతుల పెట్టింది. మా ఆయన నాకేది అని అడిగితె, ముందుగాల ఆ మూలకు నీళ్లు పెట్టిరా పో అన్నది.